మా తమ్ముడు గే, ఆర్మీలో చేరతానంటున్నాడు. వెళ్లమనాలా, ఆగమనాలా?

లంక అన్నయ్య (ప్రశ్న)

అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమలో ఒక లంక ఊరు, పేరు కావాలనే రాయడం లేదు. మా చిన్నాన్న కొడుక్కి పందొమ్మిదేళ్లు. ఇంటర్ అయినప్పటి నుంచీ వాడికి ఆర్మీ తప్ప ఇంకో ధ్యాస లేదు. చీకటితోనే లేచి కాలవ గట్టు మీద పరుగు తీస్తాడు. దొడ్లో రెండు కొబ్బరిచెట్లకి అడ్డంగా ఇనప పైపు కట్టుకుని పుల్ అప్స్ తీస్తాడు, అరచేతులు బొబ్బలెక్కి చిట్లితే గుడ్డ చుట్టుకుని మళ్లీ పైపు పట్టుకుంటాడు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల లోపే కొట్టేస్తున్నాడు, అంటే పరుగులో ఫుల్ మార్కులే. అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్ష కూడా బాగా రాశాడు, ఇక ర్యాలీ ఎప్పుడా అని చూస్తున్నాం.

సంగతేంటంటే వాడు గే. ఇంట్లో నాకొక్కడికే చెప్పాడు. వాడి మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు, నా తమ్ముడు నా తమ్ముడే. భయం మాత్రం పట్టుకుంది. ఈమధ్య ప్రాక్టీసు గ్రౌండ్లో కుర్రాళ్లు ఏదో వీడియో చూసి దీని మీదే వాదించుకున్నారట. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఒప్పుకుంటున్నారు మనవాళ్లెందుకు ఒప్పుకోరని ఒకడు అడిగితే, ట్రైనింగ్ ఇచ్చే ఆయన "అలాంటోళ్లు దొరికితే కోర్ట్ మార్షల్ చేసి లోపలేస్తారు, ఆర్మీ అంటే మగాళ్లుండే చోటు" అన్నాడట. వీడు అక్కడే ఉన్నాడు. అప్పట్నుంచి గట్టు మీదకి వెళ్లడం మానేశాడు, చిన్నాన్నేమో కాలు పట్టేసిందేమో అనుకుంటున్నారు.

గే సంబంధాల్ని నేరమన్న 377 సెక్షన్ సుప్రీంకోర్టు కొట్టేసింది కదా, ఆ తీర్పు ఆర్మీకి వర్తించదా? మెడికల్ టెస్టులో ఇలాంటివి అడుగుతారా? ఆర్మీలో చేసి వచ్చినవాళ్లు ఉంటే నిజాయితీగా చెప్పండి, పక్క మంచం వాడు గే అని తెలిస్తే మీరేం చేస్తారు? తిట్టాలనుకునేవాళ్లు దయచేసి రావద్దు, వాడు కూడా ఇది చదువుతాడు.

రాజమండ్రి వకీలు

అన్నయ్యగారూ, నేను ఇక్కడ కోర్టులో ప్రాక్టీసు చేస్తుంటాను. మీ తమ్ముడు చదువుతాడన్నారు కాబట్టి నాకు ఖాయంగా తెలిసిందే రాస్తాను.

2018 సెప్టెంబర్ 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం 377ని మొత్తం కొట్టేయలేదు. ఇద్దరు మేజర్లు, అంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు, ఇష్టపడి, నాలుగు గోడల మధ్య చేసేది నేరం కాదని తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అయితే ఆ సెక్షన్‌కి బదులుగా ఏ సెక్షనూ పెట్టలేదు. కాబట్టి బయట మీ తమ్ముడు ఎవరికీ తల దించుకోనక్కర్లేదు.

ఆర్మీకి వేరే చట్టం ఉంది, 1950 నాటి ఆర్మీ యాక్ట్. అందులో 46వ సెక్షన్ మొదటి క్లాజు క్రూరమైన, అసభ్యమైన, "అసహజమైన" సిగ్గుమాలిన ప్రవర్తనకి కోర్ట్ మార్షల్, అంటే ఆర్మీ ఆఫీసర్లే కూర్చుని చేసే విచారణ, పెట్టి ఏడేళ్ల దాకా జైలు వేయొచ్చంటుంది. క్రమశిక్షణకి భంగం అని 63వ సెక్షన్ ఉంది, దాని కింద దేన్నయినా తేవచ్చు. 45 మాత్రం ఆఫీసర్లకీ, వాళ్ల కింద ఉండే జేసీఓలకీ (సుబేదార్ల లాంటివాళ్లు) సంబంధించింది, జవాన్లకి రాదు. వీటిలో ఎక్కడా గే అన్న మాట లేదు, చట్టం శిక్షించేది చేసిన పనిని గానీ ఎవరి మనసునీ కాదు. అయితే "అసహజం" అంటే ఏంటో ఆ చట్టం చెప్పలేదు కాబట్టి కూర్చున్న ఆఫీసర్లు ఎలా అర్థం చేసుకుంటే అలా. సైనికుల ప్రాథమిక హక్కులకి పరిమితులు పెట్టే అధికారం రాజ్యాంగం 33వ అధికరణ పార్లమెంటుకి ఇచ్చింది, ఆర్మీ పట్టుకునే కొమ్మ అదే. తీర్పు వచ్చిన నాలుగు నెలలకి, 2019 జనవరిలో, అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ బిపిన్ రావత్ ప్రెస్‌మీట్‌లో ఆర్మీలో దీన్ని ఒప్పుకోమనీ, ఆర్మీ యాక్ట్ ప్రకారమే చూస్తామనీ బాహాటంగా చెప్పారు.

ఇంకోటి కూడా తెలుసుకోండి. 2018లోనే వ్యభిచారం సెక్షన్ 497ని కూడా కోర్టు కొట్టేసింది. దాని మీద కేంద్రం మళ్లీ కోర్టుకెళ్తే, ఆ తీర్పు సైనిక చట్టాల జోలికి పోలేదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రేపు 377 మీద కేసు వచ్చినా ప్రభుత్వం వైపు నుంచి ఇదే వాదన వస్తుందనుకోవాలి.

మాధవరం మాజీ హవల్దార్

బాబూ, నాది మాధవరం, తాడేపల్లిగూడెం దగ్గర. మిలిటరీ మాధవరం అంటే జిల్లాలో తెలియనివాళ్లు ఉండరు, ఇంటికొకరు ఫౌజుకి వెళ్లిన ఊరు. మా తాత రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చాడు, మా నాన్న చేశాడు, నేను చేశాను.

ముందు మెడికల్ సంగతి. కళ్లు, చెవులు, పళ్లు చూస్తారు. నిలబెట్టి మోకాళ్లు తగులుతున్నాయా, పాదం చదునుగా ఉందా చూస్తారు. వెరికోసిల్, హైడ్రోసిల్, పైల్స్ చూస్తారు. నీకెవరంటే ఇష్టం అని నన్నెవరూ అడగలేదు, నాతో లైన్లో నిలబడినవాళ్లని కూడా అడగలేదు. దాని గురించి వాడు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

పక్క మంచం వాడి గురించి అడిగావు, చెప్తాను. పై కొండల్లో ఒక పోస్టులో ఆరుగురం ఒకే బంకర్లో ఉండేవాళ్లం. చలికి వెలిగించుకునే కిరోసిన్ బుఖారీ పొగకి పొద్దున ముక్కు చీదితే నల్లగా వచ్చేది. స్లీపింగ్ బ్యాగులు ఒకదాన్నొకటి ఆనుకునే ఉండేవి, ఎడంగా వేసుకోవడానికి జాగా లేదు. మాలో సిగ్నల్ కుర్రాడొకడు ఉండేవాడు, ఏ రాష్ట్రమో రాయను. వాడి సంగతి మా అందరికీ తెలుసు, వాడికీ మాకు తెలుసని తెలుసు. మంచు పడి టెలిఫోన్ లైన్ తెగితే నడుముకి తాడు కట్టుకుని ముందు బయటికెళ్లేది వాడే. ఒక రాత్రి పెట్రోల్ నుంచి వచ్చేసరికి నా కాలివేళ్లు మొద్దుబారి తెల్లగా అయిపోయాయి. బూట్లు విప్పి, నా పాదాలు రెండూ వాడి చొక్కా లోపల కడుపుకి ఆనించి పెట్టుకుని రంగు తిరిగేదాకా కూర్చున్నాడు. ఈ రోజు పది వేళ్లతో నడుస్తున్నానంటే వాడి పుణ్యమే. అక్కడ ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది కిందికి దిగాక వచ్చింది. పీస్ స్టేషన్లో, అన్ని సౌకర్యాలూ ఉన్నచోట, పనిలేనివాడెవడో వాడి ఫోన్ తీసి చూశాడు. లంగర్లో, అంటే అందరం కలిసి తినే చోట, వాడి పక్కన కూర్చోవడం మానేశారు, మంచం మీద చీర ముక్క పెట్టారు, రోల్‌కాల్‌లో పేరు పిలవగానే వెనక నుంచి కూతలు. మేమిద్దరు ముగ్గురం వాడితోనే తిన్నాం, వాడితోనే తిరిగాం, అయినా సరిపోలేదు. పెన్షన్‌కి పదిహేనేళ్ల సర్వీసు కావాలి, అది నిండకుండానే డిశ్చార్జ్ రాసిచ్చి వెళ్లిపోయాడు. యూనిట్ ఒక మంచి ఆపరేటర్‌ని పోగొట్టుకుంది, దాని గురించి ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

కాబట్టి నేను వెళ్లమనే అంటాను. కాకపోతే ఎవరికీ చెప్పుకోవద్దంటాను. ఫోన్లో ఏమీ ఉంచుకోవద్దు. ఇప్పటికి అంతే.

పాలకొల్లు సుబ్బారావు మాస్టారి అబ్బాయి

నేను ఒప్పుకోనండి, మర్యాదగానే చెప్తాను. మా తమ్ముడు కూడా రాజస్థాన్ బోర్డర్లో ఉన్నాడు. ఆర్మీ మిగతా ఉద్యోగాల్లాంటిది కాదు. అక్కడ ఆఫీసు అయిదింటికి మూసేసి ఇంటికి పోయేది లేదు, స్నానం, నిద్ర, తిండి అన్నీ కలిసే. మన కుర్రాళ్లు పల్లెల నుంచి వెళ్తారు, వాళ్ల పెంపకం వేరు. కోర్టు చెప్పింది కదాని రాత్రికి రాత్రే మారిపోరు. వాళ్లని ఇబ్బంది పెట్టి ఎవరి హక్కులు నిలబెడతాం?

నాకు ఇంకో పెద్ద భయం ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆర్మీలో పైవాడి మాట కింది వాడు కాదనలేడు. కొత్తగా చేరిన పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని ఒక సీనియర్ వేధిస్తే, వకీలు గారు చెప్పిన ఆ 46వ సెక్షన్ కూడా తీసేస్తే వాడు ఎవరికి చెప్పుకోవాలి? ఆ కుర్రాడి తల్లిదండ్రుల వైపు నుంచి కూడా ఆలోచించండి.

నరసాపురం టీచరమ్మ

సుబ్బారావు మాస్టారి అబ్బాయిగారూ, మీ రెండో మాటకి వకీలు గారు జవాబు చెప్తారనుకుంటున్నాను, అది నిజంగా ఆలోచించాల్సిన మాటే. మొదటి మాటకి మాత్రం నేనే చెప్తాను, ఎందుకంటే అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

"పల్లెటూరి జవాన్లు ఒప్పుకోరు." ఇది కొత్త వాదన కాదు. ఆర్మీలో మహిళా ఆఫీసర్లకి పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా ఉండే ఉద్యోగం) కేసులో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకి ఇదే రాసిచ్చింది. జవాన్లలో ఎక్కువమంది గ్రామాల నుంచి వస్తారు, ఆడవాళ్ల కింద పనిచేయడానికి వాళ్ల మనసులు ఇంకా సిద్ధంగా లేవు అని. 2020 ఫిబ్రవరి 17న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ రస్తోగీ ఆ వాదనని తోసిపుచ్చి పర్మనెంట్ కమిషన్ ఇవ్వమన్నారు. ఢిల్లీలో కూర్చున్నవాళ్లు తాము చేయదలుచుకోని పనికల్లా మన పేరు చెప్తారు. మన ఊళ్ల మీద, మన పిల్లల మీద పెడతారు. మన పిల్లల్ని ఎవరైనా అడిగారా? నేను పాఠాలు చెప్పిన కుర్రాళ్లు చాలామంది ఫౌజులో ఉన్నారు. డ్వాక్రా మీటింగులో బ్యాంకు లెక్కలు అప్పజెప్పే తల్లుల్ని చూసి పెరిగినవాళ్లు, ముస్లిం, సిక్కు, నాగా కుర్రాళ్లతో ఒకే పళ్లెంలో తిని సెలవులకి వచ్చి ఆ కబుర్లు చెప్పేవాళ్లు. కులం పేరుతో విడి విడి గ్లాసులు పెట్టిన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు వాళ్లలో. వెళ్లిన మొదటి వారంలోనే అందరూ ఒకే లంగర్లో తినడం నేర్చుకున్నారా లేదా? ఎందుకంటే అక్కడ ఆర్డరు అది. ఆర్మీకి నచ్చజెప్పడం చేతకాకపోవచ్చు గానీ నేర్పించడం బాగా చేతనవును.

హవల్దార్ గారూ, మీరు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. కానీ "చెప్పుకోవద్దు" అన్నారే, అమెరికా వాళ్లు సరిగ్గా అదే చట్టం చేసుకున్నారు 1993లో. మేము అడగం, మీరు చెప్పొద్దు అని. చెప్పకపోతే క్షేమం అనుకున్నారంతా. 2011 సెప్టెంబర్ 20న దాన్ని ఎత్తేసేలోపు 13,000 మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. నోరు మెదపనివాళ్ల గురించి కూడా పక్కవాళ్లు ఫిర్యాదు చేసేవారు, ఉత్తరాలు, ఈమెయిళ్లు బయటపడేవి. రెండు దేశాల్లో యుద్ధం నడుస్తుండగా అరబిక్ వచ్చిన అనువాదకుల్ని కూడా దీనికోసమే ఇంటికి పంపారు. ఎత్తేసే ముందు 2010లో పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) తన సైనికుల్నే అడిగితే, పదిమందిలో ఏడుగురు దీనివల్ల మంచే జరుగుతుందనో, మంచీ చెడూ రెండూ ఉంటాయనో, ఏ మార్పూ ఉండదనో చెప్పారు. ఇంగ్లండ్‌లో నిషేధం ఉన్నన్నాళ్లూ మిలిటరీ పోలీసులు బీరువాలు వెతికారు, డైరీలు చదివారు. ఉద్యోగాలు పోయినవాళ్లు యూరప్ మానవహక్కుల కోర్టుకి వెళ్లి 1999లో గెలిచారు, 2000 జనవరిలో నిషేధం ఎత్తేశారు. పెద్దెత్తున రాజీనామాలు వస్తాయని బెదిరించినవాళ్లు ఉన్నారు, అలాంటిదేమీ జరగలేదు. 2023 జులైలో వాళ్ల ప్రధాని రిషి సునాక్ పార్లమెంటులో నిలబడి ఆ సైనికులకి క్షమాపణ చెప్పారు. కెనడా, ఆస్ట్రేలియా 1992లోనే మార్చుకున్నాయి. ఇజ్రాయెల్ 1993లో. ఇజ్రాయెల్ సైన్యం మెత్తబడిపోయిందని ఎవరైనా అంటారా?

అంతదూరం ఎందుకు, మన విశాఖలోనే నేవీలో ఏడేళ్లు చేసిన ఒకరు ఆపరేషన్ చేయించుకుని ఆడమనిషిగా మారితే 2017లో సేవలు అవసరం లేదని పంపేశారు. పని చేతకాదని కాదు. అది వేరే విషయమని నాకు తెలుసు, గే వేరు, ట్రాన్స్‌జెండర్ వేరు. కానీ మనిషి చేసే పనిని వదిలేసి మిగతావన్నీ చూసే అలవాటు మాత్రం ఒక్కటే.

రాజమండ్రి వకీలు

పాలకొల్లు వారు అడిగిన దానికి. అవును, ఆ భయం నిజమైనదే. ఇంకో మాట కూడా కలుపుతాను: న్యాయ సంహితలో 377 పూర్తిగా పోవడంతో మగవాడి మీద అత్యాచారం జరిగితే పెట్టడానికి బయట సరైన సెక్షనే లేకుండా పోయింది, దాని మీద కోర్టుల్లో గొడవ నడిచింది. కాబట్టి ఆర్మీ యాక్ట్ 46ని ఎత్తిపారేయమని నేను అనను. కొత్త కుర్రాడి మీద చేయి వేసిన సీనియర్‌కి ఆ ఏడేళ్లు పడాల్సిందే, వాడు గే అయినా కాకపోయినా. బలవంతం, హోదాని అడ్డం పెట్టుకోవడం, డ్యూటీలో ఉండగా చేయడం, వీటికి శిక్ష ఉంచండి. సెలవులో తన ఊళ్లో, పద్దెనిమిదేళ్లు నిండిన ఇంకొకరితో, ఇష్టపడి చేసినదాన్ని అందులోంచి తీసేయండి. బ్రిటన్ 2000లో చేసింది ఇంచుమించు ఇదే. గేలకి వేరే రూలు పెట్టకుండా ఆడ, మగ అందరికీ కలిపి ఒకే ప్రవర్తనా నియమావళి పెట్టింది, ఈ మనిషి చేసిన పని వల్ల యూనిట్ పనికి దెబ్బ తగిలిందా లేదా అన్నదే అందులో కొలమానం.

ఇప్పుడున్న పద్ధతిలో పాలకొల్లు వారు చెప్పిన ఆ పద్దెనిమిదేళ్ల కుర్రాడు గే అయితే ఫిర్యాదు చేయడానికి ఇంకా భయపడతాడు. ఫిర్యాదు చేస్తే ముందు తన సంగతే బయటికొస్తుంది, ఆ సెక్షన్ తన మీదికే తిరుగుతుంది. వేధించేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

పాలకొల్లు సుబ్బారావు మాస్టారి అబ్బాయి

ఈ చివరి ముక్క నేను ఆలోచించలేదు. బ్యారక్ విషయంలో నా అభిప్రాయం అదే, మారలేదు. కానీ ఈ అబ్బాయి ర్యాలీకి వెళ్లకూడదని నేను అనలేదు, అలా అర్థమైతే కాదని చెప్తున్నాను.

మాధవరం మాజీ హవల్దార్

అమ్మా టీచరుగారూ, మీరు చెప్పింది న్యాయమే. చట్టం మారాలి, పైనుంచి ఆర్డరు రావాలి. అది వచ్చేదాకా ఈ కుర్రాడి ఒంటి మీదికి ఏం రాకూడదు అన్నదే నా గోల. అగ్నివీర్‌కి ఇంకో చిక్కు ఉంది, అది ఇక్కడ ఎవరూ రాయలేదు. నాలుగేళ్లకి బ్యాచ్‌లో 25 శాతం వరకే ఉంచుకుంటారు, మిగతావాళ్లకి సేవా నిధి అని వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు చేతిలో పెట్టి పంపుతారు, పెన్షన్ లేదు. ఆ పాతిక శాతంలోకి రావాలంటే పైవాళ్లు వేసే మార్కులే ముఖ్యం. వీణ్ని తీసేయడానికి కోర్ట్ మార్షల్ అక్కర్లేదు, కారణం రాయక్కర్లేదు, మార్కులు రెండు తగ్గిస్తే చాలు. అందుకే అన్నాను నోరు జాగ్రత్త అని, సిగ్గుపడమని కాదు. మంచి దోస్తు ఒకడో ఇద్దరో దొరుకుతారు, దొరికాక వాళ్లకి చెప్పుకోవచ్చు, ఒంటరిగా మోయక్కర్లేదు.

లంక అన్నయ్య

అందరికీ దండాలండి. వాడు మొత్తం చదివాడు, హవల్దార్ గారిది రెండుసార్లు చదివాడు. టీచరుగారు రాసింది మా ఆవిడకి కూడా చూపిస్తానన్నాడు, అంటే వదినకి చెప్పడానికి సిద్ధపడ్డాడనే అనుకుంటున్నాను. వెళ్లాలనే ఉంది వాడికి. ఒకటే అడగమన్నాడు. చేరాక ఎవరైనా ఫిర్యాదు చేసి, కోర్ట్ మార్షల్ లేకుండానే ఇంటికి పొమ్మంటే ఇక అంతేనా, ఏమీ చేయలేమా?

రాజమండ్రి వకీలు

చేయొచ్చు. మామూలుగా సంజాయిషీ నోటీసు ఇచ్చి వివరణ అడగాలి. నోటీసు ఇస్తే అక్కడికక్కడే ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, టైమ్ అడగాలి, జవాబు రాతపూర్వకంగా ఇచ్చి కాపీ మీకు పంపాలి. స్వయంగా ఇష్టపడి వెళ్లిపోతున్నానని రాసిమ్మంటారు, అది మాత్రం రాయకూడదు, రాస్తే తర్వాత నాలాంటివాళ్లం చేయగలిగింది చాలా తక్కువ. ఆర్మీ లోపల అప్పీలు చేసుకోవాలి, అక్కడ తేలకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్, సైనికుల కేసులు చూసే కోర్టు. మనకి చెన్నై బెంచ్ వస్తుంది. చివరి ఆర్డరు వచ్చిన ఆరు నెలల లోపు వేయాలి. చేరిన రోజు నుంచీ వచ్చిన ప్రతి మెచ్చుకోలు కాగితం, ప్రతి టెస్టు మార్కుల షీటు ఫోటో తీసి ఇంటికి పంపుతూ ఉండమనండి, మీరు ఒక ఫైల్లో పెట్టండి. పని బాగా చేశాడని రుజువు చూపించాల్సి వచ్చిన రోజున అవే మాట్లాడతాయి.